కాలి మీద నల్లపూసలు

ఐదారేళ్ళ కిందటి మాట. నేను పనిచేసే ప్రభుత్వాసుపత్రికి ఒక రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఎడమ మడమ కింద నల్లటి మచ్చ, దాని మధ్యలో కాస్త గట్టిపడిన చర్మం. "ఆనెకాయండీ బాబూ, చేలో నడుస్తుంటే పొడుస్తోంది" అన్నాడు. ఆ రోజు బయట వరండా నిండా జనం. నేనూ ఆనెకాయే అనుకున్నాను. ఆనెల మీద వేసే పట్టీ రాసిచ్చి పంపించేశాను.

ఏడాది తిరగకుండా ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. మడమ కింద మచ్చ రూపాయి బిళ్ళంత అయింది. అంచులు వంకరటింకరగా ఉన్నాయి, మధ్యలో పుండు పడి నల్లటి రసి కారుతోంది. ముక్క తీసి పరీక్షకు పంపితే 'మెలనోమా' అని జవాబు వచ్చింది. అంటే చర్మంలోని నల్లరంగు కణాలకు పుట్టే కేన్సర్. పెద్దాసుపత్రిలో మడమ దగ్గరి మచ్చనూ, గజ్జలోని బిళ్ళలనూ తీసివేశారు. తర్వాత ఏడాదిన్నరపాటు ఆయన బాగానే తిరిగాడు.

ఆ తర్వాత పిక్క మీద, మోకాలి కింద చిన్న చిన్న నల్లటి గడ్డలు లేచాయి. "కాలికి నల్లపూసలు గుచ్చినట్టున్నాయి బాబూ" అంది ఆయన భార్య. కాని ఆ మాట అనడానికి ఆమె నా దగ్గరకు వచ్చేసరికే మూడు నెలలు దాటిపోయింది. ఎవరో "ఇది ఒంటికి పాకింది, ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నారట. ఇంకెవరో జీడిగింజ రసంతో ఒక గడ్డను కాల్చారట. అది పుండై, వాసన కొట్టి, రక్తం కారుతుంటే ఆయన మంచాన్ని పశువులపాకలోకి మార్చారు. ఆ రోజు కూడా ఆసుపత్రి వరండాలో అందరికీ దూరంగా, చివర ఒక మూల కూర్చున్నాడు.

ఈ వారం ఆ "లాభం లేదు" అన్న మాట గురించే మీతో మాట్లాడదలచుకున్నాను. అందులో సగమే నిజం. అంత ముదిరిన జబ్బును పూర్తిగా నయం చేస్తానని నేనూ చెప్పలేను. కాని చర్మం మీద లేచిన గడ్డలకు చేయదగిన పనులు చాలా ఉన్నాయి. అవి చేయకుండా మనిషిని పశువులపాకలో పడుకోబెట్టడం మాత్రం మనం చేసే తప్పు.

గడ్డలు ఎందుకు లేస్తాయి?

మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు చర్మం పైపొర అడుగున ఉంటాయి. తెల్లవాళ్ళకైనా, మనకైనా ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. మన కణాలు ఎక్కువ రంగు తయారు చేస్తాయి, అంతే తేడా. ఆ రంగే ఎండ దెబ్బ నుంచి మనను కాపాడుతుంది. అందుకే మెలనోమా తెల్లవాళ్ళలో ఎక్కువ, మనలో చాలా అరుదు. అయితే మనలో వచ్చినప్పుడు అది ఎక్కువగా ఎండతో సంబంధం లేని చోట్ల వస్తుంది. అరికాలు, అరచేయి, గోరు కింద, నోటిలోపలి పొర వంటివి ఆ చోట్లు. ఆనె అనో, ముల్లు దిగిందనో, గోరుచుట్టు అనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనో మనం సరిపెట్టుకునే చోట్లు కూడా సరిగ్గా ఇవే.

ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే కథ కూడా ఇలాంటిదే. ఆయన కుడికాలి బొటనవేలి గోరు కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981 మే నెలలో, 36 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు.

ఇక పాకడం సంగతి. చర్మం కింద సన్నని కాలువల వంటి నాళాలుంటాయి. వాటిలో శోషరసం ప్రవహిస్తుంది. పాదం నుంచి బయలుదేరిన రసం గజ్జలోని బిళ్ళలకు చేరుతుంది. పంటకాలువలో కొట్టుకొచ్చిన కలుపు విత్తనాలు కొన్ని చెరువు దాకా పోతాయి, కొన్ని దారిలో గట్టు మీదనే చిక్కుకుని మొలుస్తాయి. మెలనోమా కణాలు కూడా అంతే. దారిలో చిక్కుకుని మొలిచినవే పిక్క మీది ఆ నల్లపూసలు. మొదటి మచ్చకు రెండు సెంటీమీటర్ల లోపల లేచినవాటిని 'ఉపగ్రహాల'నీ, అంతకు మించి దూరంగా, గజ్జలోని బిళ్ళలకు ఇవతల లేచినవాటిని 'దారిలో ఉన్నవ'నీ డాక్టర్లు అంటారు. రక్తం ద్వారా పాకితే వీపు మీద, ఛాతీ మీద, తల మీద ఎక్కడైనా లేవవచ్చు. అది జబ్బు ఇంకా ముదిరిందనడానికి గుర్తు.

అన్నీ నల్లగానే ఉండాలని లేదు. కొన్ని నీలంగా, కొన్ని గులాబి రంగులో చెమటకాయల్లా కూడా ఉంటాయి. మెలనోమాకు ఒకసారి ఆపరేషన్ అయినవారి ఒంటిమీద ఏ కొత్త గడ్డ లేచినా, అది ఏ రంగులో ఉన్నా, వెంటనే చూపించుకోవాలి.

కలుపుతీత, నీటిశుద్ధి

చికిత్స రెండు రకాలు. ఒకటి ఒళ్ళంతా పనిచేసే మందులు. ఇది కాలువ నీటినే శుద్ధి చేయడం వంటిది. రెండవది గడ్డ ఉన్నచోటనే చేసే చికిత్స. దీన్ని స్థానిక చికిత్స అంటారు. ఇది మొలిచిన కలుపును ఏరిపారేయడం. రెండూ అవసరమే.

మొదటిదాంట్లో ఈ పదిహేనేళ్ళలో పెద్ద మార్పు వచ్చింది. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మందులు అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి కేన్సర్ కణాన్ని నేరుగా చంపవు. మన శరీరంలోని రక్షకదళానికి వేసిన కళ్ళేన్ని విప్పుతాయి. ఆ కళ్ళెం రహస్యం కనిపెట్టిన జేమ్స్ అలిసన్‌కూ, తసుకు హోంజోకూ 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ముదిరిన మెలనోమా ఉన్నా ఏళ్ళ తరబడి బతికేవారు ఈనాడు ఉన్నారంటే ఈ మందులే కారణం. అయితే వీటి ఖరీదు ఎక్కువ. పైగా మనలో కనిపించే అరికాలి రకం, తెల్లవారిలో ఎండ వల్ల వచ్చే రకమంతగా వీటికి లొంగదు. అందుకే మన రోగులకు స్థానిక చికిత్స విలువ మరింత ఎక్కువ. ఒక్కొక్కటే చూద్దాం.

కోసి తీయడం: గడ్డలు నాలుగైదే ఉండి, చిన్నవైతే, మొదట ఆలోచించవలసింది ఇదే. మొదటి మచ్చకు తీసినట్టు చుట్టూ ఎక్కువ చర్మం తీయనక్కరలేదు. గడ్డ పూర్తిగా వచ్చేంత తీస్తే చాలు. తరచు అక్కడే మత్తు ఇచ్చి చేస్తారు. మళ్ళీ కొత్తవి లేవవచ్చు. అప్పుడు మళ్ళీ తీయవచ్చు. వారం వారం పదేసి లేస్తుంటే మాత్రం కత్తిని పక్కన పెట్టి వేరే మార్గం చూడాలి.

గడ్డలోకి సూదిమందు: మన ఎడమ భుజం మీద మచ్చ మిగిల్చే బి.సి.జి. టీకా మీకు తెలుసు. 1970 ప్రాంతాల్లో అమెరికాలో డాక్టర్ డోనాల్డ్ మోర్టన్ ఆ టీకామందునే మెలనోమా గడ్డల్లోకి ఎక్కించి చూశారు. చాలా గడ్డలు కరిగాయి. క్షయ క్రిములను చూసి లేచిన రక్షకదళం, పక్కనున్న కేన్సర్ కణాలను కూడా పట్టుకుందన్నమాట. కాని కొందరికి ప్రాణం మీదకు తెచ్చేంత తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి. ఆ పద్ధతి వెనకబడింది, దాని వెనుక ఉన్న ఆలోచన మాత్రం నిలిచింది.

ఆ దారిలోనే వచ్చింది టి-వెక్ అనే మందు. పెదవి మీద జ్వరపుపొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను తీసుకుని, దాని కోరలు పీకి, రక్షక కణాలను పిలిచే ఒక జన్యువును అందులో చేర్చారు. గడ్డలోకి ఎక్కిస్తే అది కేన్సర్ కణాలలో పెరిగి వాటిని పగలగొడుతుంది. మొదటి సూది తర్వాత మూడు వారాలకు రెండవది, ఆపైన రెండు వారాలకొకటి వేస్తారు. అమెరికాలో 2015లో అనుమతి లభించింది. అనుమతికి ఆధారమైన పరిశోధనలో 436 మంది రోగులు పాల్గొన్నారు. ఆరునెలలకు పైగా నిలిచిన గుణం ఈ మందు తీసుకున్నవారిలో 16.3 శాతం మందికి కనిపించింది. పోల్చిచూసిన మందు తీసుకున్నవారిలో అది 2.1 శాతమే. సూది వేసిన గడ్డలు మూడింట రెండు వంతుల దాకా సగానికి పైగా తగ్గాయి. ఊపిరితిత్తులు, కాలేయం వంటి లోపలి అవయవాల గడ్డలు మాత్రం అంతగా లొంగలేదు. స్థానిక చికిత్స బలమూ, హద్దూ రెండూ ఈ లెక్కల్లోనే కనిపిస్తాయి. గర్భిణులకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ ఈ సూది పనికిరాదు.

విద్యుత్తు తోడుగా మందు: బ్లియోమైసిన్ పాత మందే. కాని అది కణం గోడ దాటి లోపలికి పోవడం కష్టం. నరానికో, గడ్డలోకో ఆ మందిచ్చి, గడ్డకు సూదుల వంటి ఎలక్ట్రోడ్లు గుచ్చి, సెకనులో పదివేలవ వంతు మాత్రమే ఉండే విద్యుత్ ఘాతాలను ఇస్తారు. ఆ క్షణంలో కణం గోడకు చిల్లులు పడి మందు లోపలికి దూరుతుంది. దాని చంపే శక్తి వందల రెట్లు పెరుగుతుంది. ఫ్రాన్సులో పుట్టిన ఈ పద్ధతి మీద యూరప్ ఆసుపత్రులు కొన్ని కలిసి 2006లో ఫలితాలు ప్రకటించాయి. రకరకాల కేన్సర్లకు చెందిన చర్మపు గడ్డల్లో నూటికి 85 తగ్గాయి, 70కి పైగా పూర్తిగా మాయమయ్యాయి. చిన్నగడ్డలకు బాగా, మూడు సెంటీమీటర్లు మించినవాటికి తక్కువగా పనిచేస్తుంది. రక్తం కారే గడ్డల్లో రక్తం ఆగిపోవడం దీని మరో సుగుణం. ఊపిరితిత్తుల జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి. బ్లియోమైసిన్ వారికి చెరుపు చేయవచ్చు.

కాలికి మాత్రమే మందు: ఒకే కాలిలో లెక్కలేనన్ని గడ్డలుంటే, ఆ కాలి రక్తప్రసారాన్ని మిగతా శరీరం నుంచి తాత్కాలికంగా విడదీసి, మెల్ఫలాన్ అనే మందును వేడిచేసిన రక్తంతోపాటు ఆ కాలిలోనే గంటసేపు తిప్పుతారు. దీన్ని 1957లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో క్రీచ్, క్రెమెంట్జ్ అనే డాక్టర్లు మొదలుపెట్టారు. 1990లలో సిడ్నీలో డాక్టర్ జాన్ థాంప్సన్ బృందం సన్నని గొట్టాలతో చేసే తేలిక పద్ధతిని రూపొందించింది. ఒళ్ళంతా తట్టుకోలేనంత మందును ఒక్క కాలికే ఇవ్వగలగడం దీని లాభం. ఆ కాలి కండరాలు దెబ్బతినే ప్రమాదం కొంత ఉంది. ఇది అనుభవం గల పెద్ద కేంద్రాల్లో మాత్రమే చేయదగిన పని.

రేడియేషన్: మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనేది దీన్నే. నిజానికి ఇందులో కరెంటు తగిలేదేమీ లేదు, కిరణాలే. నొప్పికీ, రక్తస్రావానికీ, కోయడానికి వీలుకాని పెద్ద గడ్డలకూ ఇది మంచి సాధనం.

చర్మం పైపొరలో ఆవగింజల్లా ఉన్నవాటికి ఇమిక్విమాడ్ అనే క్రీము, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, లేజరు వంటివి కూడా ఉన్నాయి. క్రీము లోతుకు పోదు. కాబట్టి దుకాణంలో అడిగి కొనుక్కుని రాసుకోవలసిన మందు కాదది.

పుండు పడితే

ఇక నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైన విషయానికి వస్తాను. పై చికిత్సలన్నీ అన్నిచోట్లా దొరకవు. కాని పుండును శుభ్రంగా ఉంచడం ప్రతి ఇంట్లోనూ సాధ్యమే.

అర లీటరు నీటిలో ఒక టీ చెంచా ఉప్పు వేసి, మరగకాచి చల్లార్చండి. పాత కట్టును ఆ నీటితో బాగా తడిపి, మెత్తబడిన తర్వాతనే తీయండి. పొడిగా ఉన్నప్పుడు లాగితే రక్తం చిమ్ముతుంది, ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది. పుండును రుద్దకుండా ఆ నీటితో కడగండి. మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడిచేసి పుండు మీద చల్లితే నాలుగైదు రోజుల్లో వాసన తగ్గుతుంది. ఎన్ని మాత్రలో డాక్టరును అడగండి. కట్టుకు ఖరీదైన గాజుగుడ్డే కానక్కరలేదు. ఉతికి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసిన పాత నూలుపంచె చాలు. మంచం కింద తట్టలో బొగ్గులు పెడితే మిగిలిన వాసన కూడా కొంత తగ్గుతుంది.

రక్తం కారితే కంగారుపడకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. మధ్యమధ్య ఎత్తి చూడకండి. ముదురురంగు తువ్వాలు ఒకటి దగ్గర ఉంచుకుంటే ఎర్రదనం చూసి రోగి బెదరడు. ఆగకపోతే ఆసుపత్రికి తీసుకురండి. పురుగులు పడితే కిరసనాయిలు, ఫినాయిలు పోయకండి. ఆసుపత్రిలో తీస్తారు.

నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి. డాక్టరు చెప్పినట్టు వాడితే ప్రమాదమేమీ లేదు. చివరిరోజుల్లోనే వాడాలన్న నియమమూ లేదు. 2014లో చట్టాన్ని సవరించాక ఈ మందును రోగులకు అందించడం సులువైంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో నొప్పిని, బాధను తగ్గించే వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది.

నన్ను అడిగే ప్రశ్నలు

'ముక్క తీస్తే పాకుతుందట కదా?' లేదు. పాకడం జబ్బు స్వభావం. ముక్క తీయకపోవడం వల్ల ఆలస్యమై ఇంకా పాకుతుంది.

'కాలు తీసేస్తే పోదా?' గడ్డలు కనిపించేసరికి కొన్ని కణాలు చాలావరకు కాలు దాటే ఉంటాయి. కాలు తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదు. వేరే దారి లేనప్పుడు, చాలా అరుదుగా మాత్రమే ఆ పని చేస్తారు.

'ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుందా?' అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, కట్టు కట్టినా అంటుకోదు. టి-వెక్ సూది వేసిన గడ్డల కట్లు మార్చేటప్పుడు మాత్రం చేతికి తొడుగులు వేసుకోవాలి. అది కేన్సర్ అంటుతుందని కాదు, మందులోని వైరస్ కోసం.

'గుర్రపువెంట్రుక కట్టి రాల్చేయమంటున్నారు?' పులిపిరికాయో, మెలనోమానో తెలియకుండా వెంట్రుక కట్టడం, సున్నం, సోడా పెట్టడం, జీడి పెట్టడం, అందాల దుకాణంలో కాల్పించుకోవడం అన్నీ ఒకటే తప్పు. పైది మాడుతుంది, లోపలిది మిగులుతుంది. పరీక్షకు పంపడానికి ముక్క కూడా మిగలదు.

మళ్ళీ ఆ రైతు దగ్గరకు

ఆయన కాలి మీద పదకొండు గడ్డలున్నాయి. జీడి పెట్టి కాల్చినదానికి పెద్దాసుపత్రిలో రేడియేషన్ ఇచ్చారు. రక్తం ఆగింది. మిగతావాటిలో ఇబ్బంది పెట్టేవి ఐదింటిని రెండు విడతల్లో కోసి తీశారు. కట్టు ఎలా కట్టాలో మా నర్సమ్మ ఆయన భార్యకు నేర్పింది. వారం రోజుల్లో వాసన తగ్గింది. మంచం పశువులపాక నుంచి వసారాలోకి, వసారా నుంచి ముందుగదిలోకి వచ్చింది. ఆ మాఘమాసంలో కూతురి పెళ్ళికి భార్యతోపాటు పీటల మీద కూర్చుని కన్యాదానం చేశాడు. పంచె కింద కట్టుందని వియ్యాలవారికి తెలియనే లేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు జబ్బు ఊపిరితిత్తులకు చేరి ఆయన పోయాడు. ఇంట్లో, తన మనుషుల మధ్య పోయాడు. నేను మొదటిరోజే ఆ పాదాన్ని వెలుతురులో పెట్టి సరిగా చూసి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. ఆ ఆలోచన నన్ను వదలలేదు. అప్పటినుంచి ఆనెకాయ అని వచ్చినవాళ్ళందరి పాదాలనూ కడిగించి, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూస్తున్నాను.

మీరు కూడా ఈ రాత్రి కాళ్ళు కడుక్కున్నాక దీపం దగ్గర అరికాళ్ళు చూసుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళవి మీరే చూడండి, వాళ్ళు వంగలేరు. ఒక సగం ఒకలా, మరో సగం మరోలా ఉన్న మచ్చ, అంచులు చెదిరిన మచ్చ, రెండు మూడు రంగులు కలిసిన మచ్చ, పెన్సిలు మొన వెనుకభాగం కంటె పెద్దదైన మచ్చ, నెలనెలా మారే మచ్చ, గోరు పొడుగునా కొత్తగా వచ్చిన నల్లగీత, నెల దాటినా మానని పుండు - వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించండి. ఆయన ఆనె అంటే, "ఒకసారి వెలుతురులో చూడండి డాక్టరుగారూ" అని అడగండి. ఏమీ అనుకోరు. నన్ను కూడా ఆనాడు ఎవరైనా అలా అడిగి ఉంటే బాగుండేది.